తెల్ల మరుగుజ్జుల రెండు తోకలు

ఆ అపార్టుమెంటులో ఆమెను అందరూ ఆపరేటరమ్మ అనేవారు. ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. అసలు ఆ ఉద్యోగమే లోకంలో లేకుండా పోయింది. అయినా పేరు మాత్రం ఒంటికి అంటుకుపోయింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎదురుగా ఉన్న బోర్డులో ఒకరి తీగ తీసి ఇంకొకరి కన్నంలో గుచ్చి, "లైన్లో ఉన్నారు, మాట్లాడండి" అని చెప్పడం ఆవిడ పని. ఎన్ని పెళ్ళి సంబంధాలు కుదిరాయో, కుదిరినవి ఎన్ని చెడాయో, ఎవరు ఎవరి మీద అలిగి ఠపీమని ఫోన్ పెట్టేశారో, అన్నీ ఆ చెవుల గుండానే నడిచాయి. విన్నది విన్నట్టు బోర్డు దగ్గరే వదిలేసి ఇంటికి వచ్చేది. మొగుడు ఎంత బతిమాలినా ఒక్క ముక్క బయటపెట్టేది కాదు. "కడుపులో మాట దాచుకోవడం కూడా కసరత్తు లాంటిదే. రోజూ చేస్తే అలవాటవుతుంది," అనేది.

ఆ కసరత్తుకు అసలు పరీక్ష, ఆవిడ కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్న రోజుల్లో ఎదురైంది.

కూతురూ అల్లుడూ ఇద్దరూ నక్షత్రాల వాళ్ళే. జాతకాలు చెప్పే రకం కాదు, టెలిస్కోపుల రకం. ఈ మాట ఆవిడ కొత్తవాళ్ళకు ముందే చెప్పేసేది. లేకపోతే వాళ్ళు టక్కున అరచెయ్యి చాపేవాళ్ళు. ఇద్దరిదీ ఒకటే సంస్థ, ఒకటే బృందం. కూతురు మాటల్లో పొదుపు, పట్టుదలలో దుబారా. ఏదైనా పట్టుకుందంటే వదిలే మనిషి కాదు. అల్లుడు అందుకు పూర్తిగా ఆపోజిట్టు. లిఫ్టులో మూడో అంతస్తు వచ్చేలోపల పక్కవాళ్ళ పిల్లల చదువుల దాకా కనుక్కునే రకం. అతని నోట్లో మాట ఆగడమంటే ఒడిలో చేప ఆగినట్టే. అయితే మనిషి మంచివాడు. అత్తగారికి టీ కలిపి ఇవ్వకుండా తను తాగడు.

ఒక సాయంత్రం ఆ ఇద్దరూ ఆఫీసు నుంచి ఏదో వ్రతం పట్టినవాళ్ళలా వచ్చారు.

"అమ్మా, ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో మా పని మాట ఎత్తకూడదు," అంది కూతురు చెప్పులు విప్పుతూనే.

"ఏమే, ఉద్యోగాలు పోయాయా?"

"అంత అదృష్టమా అత్తయ్యగారూ!" అన్నాడు అల్లుడు. "పెద్దాయన మా ఇద్దరికీ ఒకే పని ఇచ్చాడు."

"మంచిదేగా. కలిసి చేసుకుంటే తొందరగా తెములుతుంది."

"అదే కుదరదు. ఒకరు చేసేది ఒకరికి తెలియకూడదు. ఇద్దరం పూర్తి చేశాక, అందరి ఎదురుగా పక్కపక్కన పెట్టి చూస్తారు. అప్పటిదాకా మాట్లాడుకోకూడదు."

పెద్దాయన అంటే వాళ్ళ బృందానికి పెద్ద. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కూర్చుంది. ఆ పని ఏమిటో అల్లుడు చెప్పబోతే కూతురు చెయ్యి అడ్డం పెట్టి, "పని ఏంటో చెప్పొచ్చు, ఏం కనబడిందో చెప్పకూడదు. నేను చెప్తాను, నువ్వు మొదలుపెడితే ఆగవు," అని తనే చెప్పింది.

ఆకాశంలో చాలా దూరాన ఒక నక్షత్రాల ముద్ద ఉంది. గోళ గుచ్ఛం అంటారు. నల్లబట్ట మీద గుప్పెడు పంచదార పోసినట్టు, లక్షల నక్షత్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని బంతిలా ఉంటాయి. అన్నీ ఇంచుమించు ఒకే కాలంలో పుట్టినవి. మన సూర్యుడి కంటే ఎంతో ముందు పుట్టినవి. వాటిలో కొన్ని ఎప్పుడో మండటం ఆపేశాయి. పై పొరలన్నీ ఊడిపోగా లోపలి గుండె ఒక్కటే మిగిలింది. బరువు సూర్యుడిలో సగం, సైజు భూమి అంత. వాటిని తెల్ల మరుగుజ్జులంటారు. పొయ్యి ఆర్పేశాక పెనం చల్లారుతున్నట్టు, అవి కోట్ల ఏళ్ళుగా చల్లారుతూనే ఉన్నాయి.

"ఇప్పుడు అంతరిక్షంలో ఉన్న టెలిస్కోపు వాటికి పరారుణ కాంతిలో ఫోటోలు తీసింది," అంది కూతురు. "ఎరుపు కంటే అవతల ఉండే వెలుగమ్మా, కంటికి కనబడదు. ఇస్త్రీపెట్టె మీద చెయ్యి పెట్టకుండానే, దగ్గరికి తీసుకెళ్తే వేడి తెలుస్తుందే, అదే. ఆ ఫోటోల్లో ఒక్కో తెల్ల మరుగుజ్జు ఎంత వెలుగుందో, ఏ రంగులో ఉందో మేం కొలవాలి."

"ఒకరు కొలిస్తే చాలదూ?"

"ఇదివరకు ఎవరో ఇలాంటి ఫోటోల్లోనే ఏదో కొత్త సంగతి చూశామని ఊరంతా చాటారట. తీరా చూస్తే అది కెమెరాలో ఉన్న లోపమని తేలింది. పెద్దాయనకి ఆ భయం. ఈ కొలతలకి ప్రోగ్రాములు రాసింది మా బృందంలో మేమిద్దరమే. ఇద్దరివీ వేరే వేరే పద్ధతులు. అందుకని మాకే పడింది."

"మొగుడూ పెళ్ళాలని తెలిసే ఇచ్చాడా?"

"తెలిసే ఇచ్చాడు. పైగా మీ అత్తగారు కాపలా ఉంటారు కదా అన్నాడు," అన్నాడు అల్లుడు. "అంచేత అత్తయ్యగారూ, మాలో ఎవరు నోరు జారినా మీరు ఈలెయ్యాలి."

"నాకు ఈల రాదయ్యా. గరిటెతో గిన్నె మోగిస్తాను," అంది ఆపరేటరమ్మ.

మొదటి వారం గిన్నె బాగానే మోగింది. అన్నం తింటూ అల్లుడు "ఇవాళ కింది భాగంలో..." అనగానే ఠంగుమనేది. "అదేనండీ, కింది భాగంలో, మన అపార్టుమెంటు కింది భాగంలో నీళ్ళు రావట్లేదట," అని మాట మార్చేవాడు. కూతురు నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళు తాగేది. ఎప్పుడూ పని గురించే మాట్లాడుకునే ఆ ఇద్దరికీ వేరే మాట తోచక, వాతావరణం గురించీ, లిఫ్టు గురించీ, పై ఫ్లాటులో కుర్చీలు లాగే చప్పుడు గురించీ కొత్తగా ఇంటికి వచ్చిన చుట్టాల్లా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కంప్యూటరు మీద పని చేసేటప్పుడు ఒకరి తెర ఇంకొకరికి కనబడకుండా ఆమె పడగ్గదిలోనూ అతను హాల్లోనూ కూర్చునేవాళ్ళు. మధ్యలో తలుపు.

రెండో వారంలో ముందుగా అల్లుడి కట్ట తెగింది. తెగుతుందని ఆపరేటరమ్మకు తెలుసు, ఎప్పుడన్నదే తెలియదు. ఆ పొద్దున కూతురు స్నానానికి వెళ్ళగానే అతను పిల్లి నడకన వంటగదిలోకి వచ్చాడు.

"అత్తయ్యగారూ, మీకు చెప్తే చెప్పినట్టు కాదు కదా?"

"ఎందుకు కాదు?"

"మీరు ఎవరికీ చెప్పరు కాబట్టి. నాకు కడుపుబ్బిపోతోంది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట."

ఆవిడ గరిటె చేతిలోకి తీసుకుంది గానీ మోగించలేదు. నిజం చెప్పాలంటే ఆవిడా చెవి కోసుకుంటోంది. ఇన్నాళ్ళూ ఇంట్లో ఆ తలుపుకి ఇటొకరు అటొకరు కూర్చుని ఏం చూస్తున్నారో అని ఆవిడకు అన్నం సయించడం లేదు.

అల్లుడు మంచినీళ్ళ గ్లాసులో వేలు ముంచి బల్ల మీద గీత గీశాడు. "ఇదిగో, పైన వెలుగు ఎక్కువున్నవి, కింద తక్కువున్నవి. ఎడమవైపు నీలం, కుడివైపు ఎరుపు. అన్నీ ఒకేసారి పుట్టాయి కాబట్టి తెల్ల మరుగుజ్జులన్నీ ఒకే బాటలో చల్లారాలి. బొమ్మలో పెడితే ఒకే గీత రావాలి. మామూలు వెలుగులో తీసిన పాత ఫోటోల్లో అలాగే వచ్చింది కూడా. కానీ ఇప్పుడు చూడండి." అతని వేలు పైనుంచి కిందికి వంపు తిరుగుతూ వచ్చి, చివర రెండుగా చీలింది. "పాము నాలుకలా! కింద, బాగా చల్లారిన వాటి దగ్గర, కొన్ని కుడివైపుకి విడిపోయాయి. ఉండాల్సిన దానికంటే ఎర్రగా ఉన్నాయి. ఎందుకో ఏంటో నాకు అంతుపట్టట్లేదు!"

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. అల్లుడు అరచేత్తో బల్ల తుడిచేసి, టీ కప్పు పట్టుకుని, ఏమీ ఎరగనట్టు బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. ఆపరేటరమ్మ మాత్రం ఆ తడి మచ్చ కేసి చూస్తూ నిలబడింది. ఎర్రగా ఎందుకుంటాయి? ఒకేసారి పుట్టినవి, ఒకేలా బతికినవి, పోయాక ఎందుకు విడిపోయాయి? ఆ రోజంతా కూరలు తరుగుతున్నా బట్టలు మడతపెడుతున్నా అదే ధ్యాస.

కూతురు ఇంకో రెండు రోజులు ఆగింది. ఆ సాయంత్రం అల్లుడు కిందికి వెళ్ళి ఎవరితోనో కబుర్లలో పడ్డాడు. కూతురు వంటగదిలోకి వచ్చి తల్లి పక్కన నిలబడి చాలాసేపు కుక్కరు కేసి చూసింది.

"ఏంటే?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే కుక్కరుని అలా ఎందుకు చూస్తున్నావు, అది మాత్రం ఏం చేసింది?"

"అమ్మా, నీతో ఒకటి చెప్తాను, వింటావా? నువ్వు విని మర్చిపోవాలి."

"విననూగలను, మర్చిపోనూగలను. చెప్పు."

కిటికీ అద్దం మీద ఆవిరి పట్టి ఉంది. కూతురు దాని మీద వేలితో గీసింది. "ఒకటే తోక ఉండాల్సిన చోట నాకు రెండు తోకలు వస్తున్నాయమ్మా."

పైనుంచి కిందికి వంపు తిరుగుతూ వచ్చిన గీత. చివర రెండు పాయలు. కుడివైపుది కొంచెం పలచగా. పాము నాలుక అన్నా, రెండు తోకలన్నా, అదే వంపు, అదే చోట అదే చీలిక. ఈ ఇంట్లో తలుపుకి ఇటూ అటూ కూర్చున్న ఇద్దరూ ఒకటే చూశారు. ఆ సంగతి ఆ ఇద్దరికీ తెలియదు, పెద్దాయనకూ తెలియదు. మొత్తం లోకంలో తెలిసింది, పొయ్యి దగ్గర నిలబడ్డ తనొక్కదానికే.

ముఖం ఎక్కడ పట్టిస్తుందోనని గబగబా అటు తిరిగి, కడిగిన పళ్ళెమే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

"రెండు తోకలైతే ఏమైందే? మంచిదేగా, కొత్త సంగతి."

"కొత్త సంగతైతే మంచిదే. తప్పైతే?" అంది కూతురు. "ఆ గుచ్ఛం బాగా రద్దీగా ఉంటుంది. ఒక మసక నక్షత్రం పక్కనే బాగా వెలిగేది ఉంటే, దాని వెలుగు దీని మీద పడి రంగు తప్పు కొలిచేస్తాం. వెనకాల దూరంగా ఉన్న గెలాక్సీ ఏదైనా ఇదేననుకోవచ్చు. నా ప్రోగ్రాములోనే ఏదో లోపం ఉండొచ్చు. అందరి ఎదురుగా పక్కపక్కన పెట్టినప్పుడు ఆయనకి చక్కగా ఒకటే గీత వచ్చి, నాకు ఇలా చీలి వస్తే?"

"వస్తే?"

"నవ్వరు. పెద్దాయన నవ్వడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. అదింకా ఘోరం." అద్దం మీది రెండో తోక మీద వేలు పెట్టి అంది, "గీతకి దూరంగా పోయిన వాటిని పనికిరాని కొలతలని తీసేసే పద్ధతి ఒకటుంది. అందరూ చేస్తారు. తీసేస్తే రెండో తోక పోతుంది. తీసెయ్యనా? నువ్వేమంటావు?"

ఆపరేటరమ్మ నాలుక చివర మాట వచ్చి నిలబడింది. 'తియ్యకే తల్లీ, నీ మొగుడికీ అదే కనబడింది!' ఒక్క మాట. కానీ ఆ ఒక్క మాటతో ఇన్నాళ్ళ కాపలా అంతా గంగలో కలుస్తుంది. తీరా ఇద్దరికీ రెండు తోకలు వచ్చినా, 'అమ్మ చెప్పింది కాబట్టి ఉంచాను' అనే మాట ఆ కొలతకి మచ్చలా అంటుకుంటుంది. పోనీ తియ్యమంటే, ఉన్నదాన్ని చేతులారా కోయించినట్టు. ఏమీ అనకుండా ఉండటమా అంటే, కూతురు చిన్నప్పటి నుంచీ తల్లి మౌనాన్ని కూడా చదవగలదు.

"నాకేం తెలుస్తుందే. నక్షత్రాలు నీవి," అంది పళ్ళెం మీంచి తల ఎత్తకుండా. "కుక్కరు చూడు."

మర్నాడు పొద్దున్నే ఆవిడ సంచి సర్దింది.

"ఎక్కడికమ్మా?"

"పిన్ని దగ్గరికి. చూసి చాలా రోజులైంది."

"మొన్నేగా వచ్చి వెళ్ళింది!"

"తను వచ్చింది, నేను వెళ్ళలేదు కదా." అంతకంటే సంజాయిషీ ఇవ్వకుండా బస్సెక్కింది. నోరు కట్టేసుకోవడం ఆవిడకు వచ్చు గానీ ముఖం కట్టేసుకోవడం ఎక్స్ఛేంజీలో నేర్పలేదు. అక్కడ ముఖం ఎవరికీ కనబడేది కాదు.

చెల్లెలు తలుపు తీసి సంచి చూడగానే అక్కను లోపలికి లాగింది. "అల్లుడితో పేచీయా?"

"కాదు."

"కూతురితోనా?"

"ఎవరితోనూ కాదే. ఊరికే వచ్చాను."

"ఊరికే ఎవరొస్తారక్కా సంచితో? నాకు చెప్పవా? నేను ఎవరికి చెప్తాను?"

'ఊరందరికీ' అనుకుంది ఆపరేటరమ్మ. ఆ నాలుగు రోజులూ చెల్లెలు వేసిన ప్రశ్నలు అన్నీ ఇన్నీ కావు. అల్లుడు తాగుతాడా? కూతురు ఎదురు తిరిగిందా? ఆస్తి గొడవా? ఆఖరికి ఆవిడ విసిగిపోయి, "ఎక్కడో చల్లారిపోయిన నక్షత్రాలు ఉండాల్సిన దానికంటే ఎర్రగా ఎందుకున్నాయా అని ఆలోచిస్తున్నానే," అంది. చెల్లెలు అక్క నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఆలోచిస్తోందన్నది మాత్రం నిజం. ఇంకో సంగతి కూడా తొలుస్తోంది: కూతురు తీసేసిందా, ఉంచిందా?

కొలతలు తెరిచే రోజున కూతురే ఫోన్ చేసింది. కాపలా మనిషి కూడా రావాలని పెద్దాయన ప్రత్యేకంగా అడిగాడట. ఆపరేటరమ్మ మంచి చీర కట్టుకుని వెళ్ళింది. సంస్థలో ఆ గది పెద్దదేం కాదు. పొడుగాటి బల్ల, గోడ నిండా తెర, ప్లాస్టిక్ కుర్చీల్లో పది పన్నెండు మంది. పెద్దాయన సన్నగా, వంగిన భుజాలతో ఉన్నాడు. ఆవిడకు నమస్కారం పెట్టి ముందు వరసలో కూర్చోబెట్టాడు. కూతురు బల్లకి ఒక చివర, అల్లుడు ఇంకో చివర. కూతురు గోళ్ళు చూసుకుంటోంది. ఎప్పుడూ అందరినీ పలకరించే అల్లుడు తెర కేసి మాత్రమే చూస్తున్నాడు. అది ఆవిడకు వింతగా తోచింది.

"సరే, రెండూ ఒకేసారి పెడుతున్నాను," అన్నాడు పెద్దాయన.

తెర మీద రెండు బొమ్మలు పడ్డాయి. వందల చుక్కలు. ఎడమవైపు కూతురి బొమ్మ. పైనుంచి వంపు తిరిగి వచ్చి, చివర రెండు తోకలు. ఆపరేటరమ్మకు ప్రాణం లేచి వచ్చింది. తియ్యలేదు! కుడివైపు అల్లుడి బొమ్మ. పైనుంచి వంపు తిరిగి వచ్చి, చక్కగా, దువ్విన జడలా, ఒకటే తోక.

కూతురి ముఖం పాలిపోయింది. పెద్దాయన కళ్ళజోడు తీశాడు. జేబురుమాలు కూడా తీశాడు.

"అల్లుడూ!" అని గట్టిగా అనేసింది ఆపరేటరమ్మ. "నీ పాము నాలుక ఏమైంది?"

అందరూ ఆవిడ కేసి తిరిగారు. కూతురు మొగుడి కేసి తిరిగింది. "ఏ పాము?"

అల్లుడు రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. చేతుల సందులోంచే మాట్లాడాడు. "నాకూ చీలే వచ్చింది. మొదట్నుంచీ వచ్చింది. అత్తయ్యగారికి చెప్పాను కూడా. తర్వాత ఆవిడ ఊరెళ్ళిపోయారు. ఇంట్లో ఇంకెవరితో చెప్పుకోను? ఒక్కణ్ణే కూర్చుని ఆలోచించిన కొద్దీ భయం పట్టుకుంది. ఇది నా ప్రోగ్రాము తప్పే అనిపించింది. గీతకి దూరంగా ఉన్నవన్నీ తీసేసే జల్లెడ పెట్టాను."

"నువ్వు అమ్మకి చెప్పావా!" అంది కూతురు.

"నువ్వు చెప్పలేదా?"

కూతురు బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టింది. చెవులు ఎర్రబడ్డాయి. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

పెద్దాయన కళ్ళజోడు తుడవడం మర్చిపోయాడు. "అంటే, ఇద్దరికీ ఒకటే వచ్చిందని ఇక్కడున్న అందరికంటే ముందు మీకు తెలుసా అమ్మా?"

"తెలుసు బాబూ."

"మరి వాళ్ళకి చెప్పలేదేం?"

"లైను కలపమని నన్నెవరూ అడగలేదుగా," అంది ఆపరేటరమ్మ.

ఈసారి గది గదంతా నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు. ఆవిడకు మాత్రం లోపల కలుక్కుమంది. కూతురి ఎదుట ముఖం దాచుకోవడానికని తను వెళ్ళిపోతే, అక్కడ అల్లుడు మాట్లాడే దిక్కు లేక భయపడి కూర్చున్నాడన్నమాట. అతని సంగతి తను ఒక్కసారైనా తలచుకోలేదు. అన్నీ పైకి చెప్పేసేవాడికి లోపల భయం ఉండదని ఎలా అనుకుంది?

"జల్లెడ తీసి చూపించు," అన్నాడు పెద్దాయన. అల్లుడు కీబోర్డు దగ్గరికి వెళ్ళి ఏవో నొక్కాడు. కుడివైపు బొమ్మ చెరిగిపోయి మళ్ళీ గీసుకుంది. దువ్విన జడ కింద విచ్చుకుని రెండు పాయలైంది. రెండు బొమ్మల్నీ ఒకదాని మీద ఒకటి పెడితే, కుడి తోకలో ఉన్న చుక్కలు దాదాపు అవే. ఇద్దరూ అవే నక్షత్రాలను పట్టుకున్నారు.

అందరూ ఒకేసారి మాట్లాడబోతుంటే పెద్దాయన చెయ్యెత్తాడు. "ఆగండి, ఆగండి. పండగ చేసుకోవడానికి తొందరేం లేదు. మీ ఇద్దరికీ చెప్పకుండా నేనూ ఒక పని చేశాను. మీకు ఫోటోలు ఇచ్చే ముందు, వాటిలో కొన్ని దొంగ నక్షత్రాలు కలిపాను."

"దొంగ నక్షత్రాలేంటి?" అని అడిగింది ఆపరేటరమ్మ, తనకు అడిగే హక్కు ఉందో లేదో చూసుకోకుండా.

"కంప్యూటరులో తయారు చేసినవమ్మా. చూడ్డానికి అచ్చం తెల్ల మరుగుజ్జుల్లాగే ఉంటాయి. వాటిని సరిగ్గా ఒకే గీత మీద పడేటట్టు తయారు చేశాను, ఆ రద్దీలోనే చల్లాను. కొలవడంలో తప్పుంటే, పక్క నక్షత్రం వెలుగు వల్లో ప్రోగ్రాము వల్లో ఈ చీలిక వస్తుంటే, నా దొంగలు కూడా చీలిపోవాలి. నిజం నక్షత్రాలతో పాటు అవీ కుడివైపుకి జరగాలి. అవి జరగకపోతే, చీలిక కొలతలో లేదు, ఆకాశంలో ఉంది."

కూతురు లేచి నిలబడింది. అల్లుడు కుర్చీ వెనక చేతులు బిగించి పట్టుకున్నాడు. పెద్దాయన ఒక మీట నొక్కాడు. రెండు బొమ్మల్లోనూ కొన్ని చుక్కలు ఆకుపచ్చగా మారాయి.

ఎడమ తోక మీద ఒకదాని కింద ఒకటి, పూసలు గుచ్చినట్టు ఉన్నాయి ఆకుపచ్చ చుక్కలు. కింద అక్కడక్కడా కాస్త అటూ ఇటూ ఊగాయి గానీ, కుడి తోకలో ఒక్కటీ లేదు.

కూతురు బల్ల చుట్టూ తిరిగి మొగుడి దగ్గరికి వెళ్ళింది. తిడుతుందేమో అనుకుంది తల్లి. తెర మీద ఒక చుక్కని వేలితో చూపించి, "ఇది చూశావా, అన్నిటికంటే చివర ఉన్నది? దీన్ని చూసే నాకు మొదట అనుమానం వచ్చింది," అంది. "నాకూ!" అన్నాడతను. ఇంక వాళ్ళకి చుట్టూ మనుషులున్న సంగతి గుర్తు లేదు.

ఇంటికి వెళ్ళే దారిలో, క్యాబ్‌లో ఆపరేటరమ్మ కూతుర్ని అడిగింది. "తీసేద్దామనుకున్నావు కదే, మరి ఎందుకు తియ్యలేదు?"

"ఒకసారి తీసేశానమ్మా. కానీ తీసేసిన ప్రతిదానికీ కారణం రాయాలి. గెలాక్సీయా, పక్కన వేరే నక్షత్రం ఉందా, ఒక్కోదాన్నీ పెద్దది చేసి చూశాను. ఏమీ లేదు. ఇంక కారణం ఏమని రాయను? 'నచ్చలేదు' అని రాయలేను కదా. మళ్ళీ పెట్టేశాను."

అల్లుడు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు. "నేను 'కొలత నమ్మదగినది కాదు' అని రాశాను. చూడ్డానికి ఎంత పెద్దమనిషి తరహాగా ఉందో! లోపల ఉన్నది మాత్రం భయం ఒక్కటే."

"నేను ఉండాల్సిందయ్యా," అంది అత్తగారు.

"మీరుంటే ఏం చెప్పేవారు?"

"ఏమీ చెప్పేదాన్ని కాదు."

"అదే చాలేది అత్తయ్యగారూ. నేను చెప్తుంటే మీరు ఊకొడితే, భయం సగం తగ్గుతుంది."

చీలిక ఉందని తేలింది గానీ ఎందుకుందో తేలలేదు. దాంతో ఇంట్లో కాపలా ఎత్తేశారు, గొడవ మొదలైంది. మధ్య తలుపు బార్లా తెరిచే ఉండేది. అల్లుడు దుమ్ము పక్షం. ఒకప్పుడు ఆ నక్షత్రాల చుట్టూ తిరిగిన గ్రహాలు నుజ్జయిపోయి, ఆ దుమ్ము ఇంకా వాటి చుట్టూ తిరుగుతూ కాస్త వెచ్చబడి, పరారుణంలో మాత్రమే వెలుగుతోందని అతని వాదన. కూతురు ఒప్పుకోదు. అంతమంది చుట్టూ దుమ్మెలా ఉంటుంది? పైగా అంత పాత నక్షత్రాల దగ్గర రాళ్ళు తయారవడానికి సరుకే తక్కువ. ఆ కుడి తోకలోవి వేరే రకం గుండె ఉన్నవి, జంటగా పుట్టి, పక్కవాడు పై పొరలు ముందే లాగేసుకుంటే వేరే దారిలో చల్లారినవి అంటుంది. పెద్దాయన ఎవరి పక్షమూ కాదు. కంటికి ఆనని తోడు ఏదైనా పక్కన ఉండొచ్చు కదా, అదీ మర్చిపోకండి అన్నాడు. వెలుగుని రంగులు రంగులుగా విడదీసి చూస్తే గానీ తేలదు. అందుకు మళ్ళీ టెలిస్కోపు అడిగారు. దాని కోసం లోకంలో ఎందరో వరసలో ఉన్నారు. వీళ్ళ వంతు వచ్చే ఏడాదికి గానీ రాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అదే వాదన నడుస్తోంది. ఆపరేటరమ్మ వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగింది.

"నాకొకటి చెప్పండి. ఇక్కడ కూర్చుని వాటిని చూడ్డానికి మీకు అంతరిక్షంలో టెలిస్కోపు కావాలి. అదే ఆ గుచ్ఛం మధ్యలో ఎవరైనా ఉన్నారనుకోండి. వాళ్ళు ఆరుబయట పడుకుని పైకి చూస్తే, ఈ తెల్ల మరుగుజ్జులు మామూలు కంటికి కనబడతాయా?"

కూతురు ముద్ద చేతిలో పట్టుకుని గోడ కేసి చూసింది.

"మధ్యలో నక్షత్రాలు బాగా దగ్గర దగ్గరగా ఉంటాయి," అంది నెమ్మదిగా. "మనకి పక్క నక్షత్రం ఉన్నంత దూరంలో అక్కడ వేలకి వేలు ఉంటాయి."

"కానీ ఇవి మరీ చిన్నవి కదా," అన్నాడు అల్లుడు. "మసకవి."

"చిన్నవే. అయినా అంత దగ్గరుంటే... ఆగు, లెక్క వేద్దాం. పక్కది ఎంత దూరంలో ఉందనుకుందాం?"

"నడి మధ్యలోనా, అంచులోనా?"

"ముందు నడి మధ్యలో అనుకో."

ఇద్దరూ ఎడం చేత్తో ఫోన్లు తీశారు. కాసేపటికి కూతురు తలెత్తింది. ముఖం వెలిగిపోతోంది. "కనబడతాయమ్మా! ఇంకా వేడి ఆరనివైతే మనకి ఇక్కడ బాగా మెరిసే నక్షత్రాల్లా కనబడతాయి. చల్లారినవి కూడా దగ్గరగా ఉంటే కనబడతాయి."

"అయితే ఆ ఎర్రబడ్డవి? వాటి తేడా వాళ్ళ కంటికి తెలుస్తుందా?"

పరారుణం వాళ్ళ కంటికి కనబడుతుందో లేదో అని ఒకరు, వాళ్ళ కళ్ళు మన కళ్ళలాంటివే అని ఎందుకనుకోవాలి అని ఇంకొకరు మళ్ళీ మొదలుపెట్టారు. కూర చల్లారిపోతోంది. ఆపరేటరమ్మ గిన్నె మీద మూత పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇద్దరి మధ్యా కూర్చుంది.